ప్రియదర్శిని పెట్టె, గడువు చీటీ: ఒక స్వర్ణోత్సవ ఆర్డరుపై కేస్ స్టడీ

సినిమా పేరు చెప్పి కార్డు చేయమనేవారు మొదట అడిగేది పోస్టరు బొమ్మ. పుస్తకం పేరు చెప్పేవారు అడిగేది అట్టమీది బొమ్మ. పోస్టరూ అట్టబొమ్మా ఆ సినిమాను, ఆ పుస్తకాన్ని అమ్మడానికి వేరెవరో వేసినవి. కార్డు అందుకునే మనిషికి వాటితో ఉండే అనుబంధం చాలా తక్కువ. విజయనగరంలో ఇంటివద్దే చేతితో గ్రీటింగ్ కార్డులు చేసి ఇచ్చే పనిలో నేను పాటించే పద్ధతి వేరు. సన్నివేశంలో ఏం జరుగుతుందో ఆ పనిని కార్డులోని కాగితం చేసి చూపాలి. పుస్తకమైతే, ఆ పుస్తకాన్ని పట్టుకున్న మనిషి చేతి అలవాటు కార్డుమీద కనబడాలి. ఈ పద్ధతి ఆచరణలో ఎలా నడుస్తుందో చూపడానికి అనువైన ఒక ఆర్డరును మొదటినుంచి చివరివరకు ఇక్కడ వివరిస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టగల వివరాలు రాయడం లేదు.

ఆర్డరు

1975లో పెళ్లి చేసుకున్న దంపతులకు 2025 అక్టోబరులో యాభై ఏళ్ల వేడుక చేయాలని పిల్లలు నిశ్చయించారు. తండ్రిగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. తల్లిగారు గృహిణి, సినిమాలంటే ప్రాణం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మాయి ఫోనులో చెప్పింది ఇంతే: "అమ్మకి మాయాబజార్, నాన్నగారికి కన్యాశుల్కం. రెండూ కలిపి వాళ్లిద్దరికీ ఒక పెద్ద కార్డు, వచ్చినవాళ్లకి ఇవ్వడానికి చిన్న కార్డులు కావాలండి."

ఇటువంటి సందర్భంలో 'ఏ సీను ఇష్టం' అని అడిగితే అందరూ చెప్పే సీనే చెబుతారు. అందుకే నేను ఆ సినిమా ప్రస్తావన ఇంట్లో ఎప్పుడు వస్తుంది, అప్పుడు ఎవరేం మాట్లాడతారు అని అడుగుతాను. ఆవిడ కాస్త ఆలోచించి, వీడియో కాల్ చేసినప్పుడల్లా వాళ్లమ్మగారు "ప్రియదర్శిని తెరిచావా తల్లీ" అంటూ ఫోను ఎత్తుతారని చెప్పారు. మాయాబజార్ చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. తెరిచి చూస్తే తనకు ప్రియమైనవారు కనబడే పెట్టె అది. అందులోనే శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. దూరాన ఉన్న కూతురి ముఖం ఫోనులో చూసుకునే తల్లి ఆ పెట్టె పేరు ఎత్తుతున్నారంటే, ఆ ఇంట్లో ఆ సినిమాకు ఉన్న చోటు అదేనని తేలిపోయింది. పెద్ద కార్డు అక్కడే ఖాయమైంది. అది పెట్టె కావాలి, మూత తీస్తే మనుషులు కనబడాలి.

తండ్రిగారి పుస్తకం విషయం అంత సులువుగా తేలలేదు. కన్యాశుల్కం విజయనగరం సొంత నాటకం. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో పుస్తకంగా వచ్చింది. గురజాడ అప్పారావు దాన్ని బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వెలువడింది, ఇప్పుడు మనం చదువుతున్నది ఆ రెండోదే. ఈ ఊరి తెలుగు మాస్టారికి అది ఇష్టమైన పుస్తకం కావడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయితే డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే దురాచారం మీద రాసిన నాటకం పేరును, యాభై ఏళ్ల దాంపత్యానికి శుభాకాంక్షలు చెప్పే కార్డుమీద వేయడం ఎలా? నాటకం తెలిసినవారు నవ్వుకుంటారు, తెలియనివారు నొచ్చుకుంటారు. పెళ్లి పందిట్లో 'శుల్కం' అన్న మాట కనబడితే వియ్యాలవారి వైపు ఎవరో ఒకరు దానికి మరో అర్థం తీయకుండా ఉండరు. గిరీశం చుట్టనో మధురవాణి వీణనో గీసి సరిపెట్టవచ్చు గాని, వాటికీ ఆ దంపతులకూ సంబంధం లేదు.

అందుకని కథను పక్కన పెట్టి, మాస్టారి ప్రతిని ఫొటోలు తీసి పంపమన్నాను. వచ్చిన ఫొటోలలో నాకు పనికొచ్చినవి రెండే. మొదటిది పేజీ అంచున ఎర్రసిరా టిక్కులు. నచ్చిన సంభాషణ పక్కన, విద్యార్థి జవాబుపత్రం దిద్దినట్టే, కింద చిన్నగా మొదలై కుడివైపు పైకి మూడు వరుసల ఎత్తున సాగిన పొడవాటి తోక ఉన్న టిక్కు. రెండోది వెనక అట్ట లోపలివైపు అంటించిన చీటీ. మాస్టారు తన పుస్తకాలను విద్యార్థులకు చదవడానికి ఇచ్చేవారట. గ్రంథాలయంలో మాదిరిగానే గళ్లు గీసిన చీటీ అంటించి, తీసుకున్నవారి పేరు, తిరిగి ఇవ్వవలసిన తేదీ తానే రాసేవారట. చీటీలో కొన్ని తేదీలకు ఎదురుగా 'ముట్టింది' అని ఉంది, కొన్నింటికి ఖాళీగానే ఉంది. పాత విద్యార్థులకూ సహోద్యోగులకూ ఇవ్వవలసిన కార్డు ఇదేనని ఆ చీటీ చూడగానే నిర్ణయించుకున్నాను.

హక్కుల విషయం

డబ్బు తీసుకుని చేసే పని కనుక, గీత గీయకముందే ఈ లెక్క చూసుకోవాలి. మన దేశపు కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు హక్కు, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. సినిమాకు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. గురజాడ 1915లో కాలం చేశారు కాబట్టి కన్యాశుల్కంలోని మాటలు ఎవరైనా వాడుకోవచ్చు. మాయాబజార్ 1957 నాటిది, ఆ లెక్కన సినిమా వరకు గడువు 2017తో ముగుస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. సినిమా గడువు వేరు, అందులోని పాటల సాహిత్యం గడువు వేరు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. ఆ సాహిత్యానికి లెక్క 2031 చివరివరకు నడుస్తుంది. అందువల్ల పాటల పంక్తులేవీ కార్డుల మీద రాయలేదు, పెద్దమ్మాయి అడిగినా ఒప్పుకోలేదు. నటీనటుల ముఖాలు కూడా గీయలేదు. చట్టం సంగతి అటుంచినా, ముఖం గీయడం మొదలుపెడితే చూసేవారి దృష్టంతా పోలిక కుదిరిందా లేదా అన్నదాని మీదికి పోతుంది, కార్డు వెనక్కి పోతుంది. ఒక వస్తువు, ఒక కదలిక తీసుకుంటే ఆ చిక్కు ఉండదు.

పెట్టె కార్డు

ఏ4 కాగితాన్ని అడ్డంగా సగానికి మడిస్తే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తు గల కార్డు వస్తుంది. మడత ఎగువన ఉంచి పైకి తెరిచేలా చేస్తే అదే పెట్టె మూతలా పనిచేస్తుంది. పుస్తకంలా పక్కకు తెరుచుకునే కార్డుకు ఆ భావం రాదు.

మడత ముందు కాగితం సంగతి చెప్పాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందంగల కాగితం నార దిశకు సమాంతరంగా మడిస్తే నున్నగా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే మడత వెంట పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది. దుకాణంలో ఏ4గా కోసి అమ్మే కాగితంలో చాలావరకు నార పొడవువైపు ఉంటుంది, మనం వేసే మడత దానికి అడ్డంగా పడుతుంది. అందుకే గంటస్తంభం వైపు కాగితాల దుకాణాల్లో 23×36 అంగుళాల పెద్ద షీటే కొని, నార దిశ చూసుకుని ఇంటివద్ద కోసుకుంటాను. దిశ తెలుసుకోవడం కష్టం కాదు. షీటును ముందు పొడవువైపు, తరవాత వెడల్పువైపు అరచేతులతో మెల్లగా వంచి చూస్తే, ఏ వైపు తక్కువ బలానికి లొంగుతుందో మడత గీత ఆ వైపు వేయాలి. మడతకు ముందు స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్లుతో గాడి గీయాలి. గాడి పడిన ముఖం బయటకు వచ్చేలా మడవాలి. చాలామంది గాడి లోపలికి మడుస్తారు, అది చూడటానికి సహజంగానే తోస్తుంది గాని మడత అంచు వెంటనే చిట్లుతుంది.

మూత తీయగానే లోపలినుంచి ఒక చట్రం లేచి నిలబడాలి, దాని కిటికీలోంచి వెనక గోడమీది పెళ్లి ఫొటో కనబడాలి. వెనక గోడ అంటే పైకి లేచిన మూత లోపలివైపు, నేల అంటే బల్లకు ఆనే అడుగుభాగం. దీనికి వాడిన నిర్మాణం పాప్-అప్ పనిలో అన్నింటికన్నా పాతది, నమ్మదగినది. ఒక కాగితపు పట్టీని ముందు నిలువు ముఖంగాను, పైన కప్పుగాను మడిచి, దాని అడుగు అంచును కార్డు నేలమీద, కప్పు అంచును కార్డు వెనక గోడమీద అంటిస్తాము. ఇందులో రెండు నియమాలు ఉన్నాయి. మొదటి నియమం: కప్పు పొడవు ఎంతో, మడతనుంచి నేలమీది అతుకు దూరం అంతే ఉండాలి; అలాగే ముందు ముఖం ఎత్తు ఎంతో, వెనక గోడమీది అతుకు ఎత్తు అంతే ఉండాలి. అప్పుడే నాలుగు భుజాలూ సమాంతరంగా కదిలి, కార్డు మూసినప్పుడు పట్టీ చదునుగా పడుకుంటుంది. రెండో నియమం: ఆ రెండు కొలతల మొత్తం కార్డు ఎత్తుకన్నా తక్కువ ఉండాలి, లేకపోతే మూసినప్పుడు పట్టీ కొస అంచుదాటి బయటకు పొడుచుకొస్తుంది. నేను లోతు 40, ఎత్తు 85 మిల్లీమీటర్లు తీసుకున్నాను. మొత్తం 125, కార్డు ఎత్తు 148. మూసినప్పుడు బయటకు ఏమీ కనబడదు.

ఫొటో ఎక్కడ అంటించాలన్నది బల్లమీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కార్డు బల్లమీద ఉన్నప్పుడు చూసేవారి కన్ను దానికన్నా పైన ఉంటుంది. కిటికీలోంచి చూపు కిందికి వాలి వెనక గోడను తాకుతుంది. 40 మిల్లీమీటర్ల లోతుకు ఆ వాలు ఇంచుమించు 15 మిల్లీమీటర్లు. కిటికీకి సరిగ్గా ఎదురుగా ఫొటో అంటిస్తే ముఖాలు తెగి మెడలు కనబడతాయి. అందువల్ల ఫొటోను కిటికీ మధ్యభాగంకన్నా 15 మిల్లీమీటర్లు కిందికి దించి, కిటికీకన్నా అన్ని వైపులా పెద్దదిగా పెట్టాను. లోపల చీకటి పడకుండా కప్పులో ఒక వెడల్పాటి కోత పెట్టాను. ఆ కోతను కొమ్మల, తీగల ఆకారంలో కోశాను కాబట్టి అది అలంకారంలా ఉంటుంది గాని, అసలు పని మాత్రం వెలుతురు లోపలికి దించడమే.

పెద్దమ్మాయి మధ్యలో ఒక సూచన చేశారు. ఫొటో బదులు అద్దంలా మెరిసే రేకు పెడితే, తెరిచినవారికి తమ ముఖమే కనబడుతుంది కదా అని. కొత్తగానే ఉంటుంది. అయినా నేను వద్దన్నాను. ఆ పెట్టె తెరిచినవారికి చూపేది తమ ముఖాన్ని కాదు, తాము తలచుకునేవారిని. అద్దం పెడితే బొమ్మ మిగులుతుంది, పెట్టె పోతుంది. ఆవిడ ఒప్పుకున్నారు.

పెళ్లి ఫొటో అసలు ప్రతిని ఎట్టి పరిస్థితిలోనూ కార్డులో వాడకూడదు. స్కాన్ చేయించి లేజర్ ప్రింటు తీయించాను. ఇంకుజెట్ ప్రింటు ఫెవికాల్ తడి తగిలితే రంగు వదులుతుంది, లేజరు ప్రింటుకు ఆ భయం లేదు. అంటించడానికి కూడా ఫెవికాల్ బదులు రెండువైపులా అంటుకునే టేపు వాడాను. నీళ్ల జిగురు పలుచటి కాగితాన్ని తప్పకుండా ముడతలు పెడుతుంది.

రంగుల విషయంలో ముందే ఒక నిర్ణయం తీసుకున్నాము. మాయాబజార్‌కు 2010లో రంగులద్దిన ప్రతి విడుదలైంది. తల్లిగారు చిన్నతనంలో చూసినది మాత్రం మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన నలుపు తెలుపు చిత్రం. అందుకని కార్డు మొత్తం బూడిద ఛాయల్లో నడిపి, స్వర్ణోత్సవం గుర్తుగా కిటికీ అంచుకు మాత్రమే బంగారు రంగు వేశాను. తెల్లటి కాగితం మీద పచ్చి నలుపు వాడితే జిరాక్సు కాపీలా ఉంటుంది. గోధుమ ఛాయ తిరిగిన తెలుపు కాగితం తీసుకుని, నలుపు పోస్టరు రంగులో కొద్దిగా ముదురు ఎరుపుగోధుమ కలిపితే పాత సినిమా తెరమీది నలుపు వస్తుంది. ముదురునుంచి లేతకు నాలుగు ఛాయలు చాలు. అంతకన్నా ఎక్కువ పెడితే కిటికీ దూరంనుంచి చూసినప్పుడు కలిసిపోతాయి.

ఇటువంటి కార్డు ముందుగా పాడయ్యేది మడత దగ్గర. చూసినవారల్లా తెరిచి మూస్తారు. అందుకే మడత వెనక గుడ్డ పట్టీ అంటిస్తాను, పుస్తకాలు బైండింగు చేసేవారు వేసినట్టే. ఈ కార్డుకు గుడ్డ ఇంటినుంచే దొరికింది: మాస్టారు ఏళ్లపాటు వాడి చివికిపోయిన పొందూరు ఖద్దరు ఉత్తరీయం. శ్రీకాకుళం జిల్లాలో పొందూరు నేతవారు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసి అతి సన్నని నూలు వడుకుతారు. ఆ సన్నదనమే కార్డు పనిలో ఇబ్బంది పెడుతుంది. గుడ్డలోంచి జిగురు ఇవతలికి ఊరుతుంది, కోసిన అంచునుంచి పోగులు ఊడిపోతాయి. ముక్కకు చిక్కటి గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి, అప్పుడు కోస్తే కాగితంలా తెగుతుంది. నీళ్లు తక్కువ, పిండి ఎక్కువ ఉండే మైదా పేస్టుతో అంటిస్తే మరక ఊరదు. బైండింగు వారు పురుగు పట్టకుండా ఆ పేస్టులో మైలుతుత్తం కలుపుతారు. అది విషపదార్థం, చేతిలో తిరిగే కార్డుకు నేను కలపను.

మూత మరీ వెనక్కి వాలిపోకుండా రెండు పక్కలా సన్నటి దారం కట్టి లంబకోణం దగ్గర ఆపాను.

గడువు చీటీ, లడ్డూ కార్డు

చిన్న కార్డులు నూట ఇరవై. వేడుకకు రాలేకపోయిన పాత విద్యార్థులకూ సహోద్యోగులకూ తరవాత పోస్టులో పంపవలసినవి కొన్ని, హాలులో చేతికి ఇవ్వవలసినవి మిగిలినవి. ఈ రెండు దారులూ వేరైనందున రెండు నమూనాలు అవసరమయ్యాయి.

పోస్టులో వెళ్లేది మాస్టారి చీటీ. ముందు వైపు పాత పుస్తకం వెనక అట్టలా లేత ఖాకీ కాగితం, దానిమీద గళ్లు గీసిన చీటీ. మొదటి గడిలో 1975, తరవాతి గడుల్లో ఆ కుటుంబం చెప్పిన సంవత్సరాలు, అవి పిల్లలు పుట్టిన ఏడాది, ఇల్లు కట్టిన ఏడాది, మాస్టారు విశ్రాంతి తీసుకున్న ఏడాది, చివర 2025. ప్రతి గడికీ ఎదురుగా 'ముట్టింది'. చివరి గడి పక్కన మాత్రం ఆ మాట బదులు పేజీ అంచు దాటిపోయే పొడవాటి తోకతో ఎర్ర టిక్కు. అంకెలకు ఆఫీసుల్లో వాడే తేదీ రబ్బరుస్టాంపు, ఊదా ఇంకు ప్యాడు వాడాను. స్టాంపు కొంచెం వంకరగా, ఒక అంకె లేతగా ఒక అంకె ముదురుగా పడటమే ఇక్కడ కావలసింది. టిక్కు మాత్రం ప్రతి కార్డుమీదా చేత్తోనే వేయాలి, అదీ ఒకే ఊపున. ఆగి ఆగి గీసిన టిక్కు మాస్టారి టిక్కు కాదు, బొమ్మ.

లోపల రాత గురించి ఒక మాట. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయినట్టు పెడితే కింది వరుస గుడి పై వరుస ఒత్తును తాకుతుంది. అక్షరం ఎత్తుకు రెట్టింపు ఎడం పెట్టుకోవడం క్షేమం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఖతుల్లో గురజాడ పేరుతోనే ఒకటి ఉంది, లోపలి నాలుగు వరుసలకు దాన్నే వాడాను. ఈ కార్డులో గురజాడ పేరు కనబడకుండానే ఉన్నది ఆ ఒక్క చోటే. కింద పేరు చోటు ఖాళీ వదిలాను. మాస్టారు తమ చేత్తో విద్యార్థి పేరు రాస్తారు.

పోస్టుకు బరువు చూసుకోవాలి. ఏ4 వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు, కాబట్టి 300 జీఎస్ఎం ఏ4 కాగితం దాదాపు 19 గ్రాములు తూగుతుంది. కవరు వేస్తే మామూలు ఉత్తరానికి ఉన్న 20 గ్రాముల మెట్టు దాటిపోతుంది. అదే కాగితాన్ని ఏ5గా కోసి ఏ6గా మడిస్తే 9.4 గ్రాములు. కవరు, పైన అంటించిన చీటీ కలిపినా 20 లోపే ఉంటుంది, ఐదు రూపాయల స్టాంపుతో వెళుతుంది. పోస్టాఫీసులో ముద్ర గట్టిగా పడుతుంది; అందుకే పైకి లేచి ఉండే భాగమేదీ స్టాంపు అంటించే కుడి పైమూలకు ఎదురుగా రాకుండా కార్డును కవరులో పెట్టాలి.

హాలులో ఇచ్చేది లడ్డూ కార్డు. ఘటోత్కచుడి విందు సన్నివేశాన్ని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. దానికి కార్డుమీద కావలసినవి తెరిచిన నోరు, పైకి తిరిగిన మీసం, ఒక లడ్డూ. కార్డు పక్కన బయటికి ఉన్న కాగితపు నాలుకను, అంటే జారే పట్టీ కొసను, లాగితే లడ్డూ పళ్లెంలోంచి జరిగి నోట్లోకి వెళుతుంది. కార్డు ముఖాన గాటు పొడవు లడ్డూ ప్రయాణించే దూరమంత ఉంటుంది. వెనక జారే పట్టీకి గాటుకన్నా వెడల్పైన ఒక అడ్డుముక్క ఉండాలి, లేకపోతే ఉత్సాహంగా లాగిన పిల్లవాడి చేతికి లడ్డూతో సహా పట్టీ వచ్చేస్తుంది. పట్టీ నడిచే దారికీ పట్టీ అంచుకూ రెండువైపులా ఒక్కొక్క మిల్లీమీటరు ఖాళీ వదిలాను.

వర్షాకాలం వెళ్లీ వెళ్లని రోజుల్లో ఈ తీరాన కాగితం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొద్దున జారిన పట్టీ సాయంత్రానికి బిగుసుకుంటుంది. పట్టీ వెనక, దారి లోపల కొవ్వొత్తి ముక్క రుద్దితే అది తగ్గుతుంది. రంగు వేసిన షీట్లను అంచుల వెంట టేపుతో చెక్కపలకకు అంటించి, పూర్తిగా ఆరాక బరువుకింద ఉంచి, అప్పుడే కోశాను. తయారైన కార్డులను సిలికాజెల్ పొట్లాలతో మూతపెట్టె అడుగున దాచాను. ఈ జిల్లాలకు అక్టోబరు తుపాన్ల నెల; 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. కరెంటు, రవాణా నమ్ముకుని చివరి వారానికి పని మిగల్చకూడదన్నది ఇక్కడ ఈ పని చేసేవారందరికీ తెలిసిన విషయమే. ఆ ఏడాది ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రద్దీ మొదలవకముందే కోతపని పూర్తిచేసి, పండుగ తరవాత అతుకుపని మాత్రమే మిగుల్చుకున్నాను.

ధర గురించి అడిగేవారు ఉంటారు. కాగితం, గుడ్డ, జిగురు, ప్రింటు అన్నీ కలిపినా ధరలో చిన్న భాగమే, మిగిలినదంతా చేతిపని. పెట్టె కార్డుకు విడిగా, చిన్న కార్డులకు ఒక్కొక్కదానికి ఇంత అని విడిగా మాట్లాడుకోవడం మంచిది. ఒకే మొత్తం చెబితే 'ఇంకో ఇరవై వేయండి' అన్నప్పుడు పేచీ వస్తుంది.

ఫలితం

వేడుకకు పెట్టె కార్డును పెద్దమ్మాయే తల్లిదండ్రుల ముందు బల్లమీద పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. తల్లిగారు కార్డును మామూలుగా పక్కకు తెరవబోయి, అది రాకపోవడంతో "ఇదేటమ్మా, పెట్టెలాగ పైకి తెరవాలా?" అన్నారు. కార్డు చెప్పవలసిన మాటను ఆవిడే ముందు చెప్పేశారు. మూత లేచాక ఆవిడ ఏ సినిమా పేరూ ఎత్తలేదు. ఫొటోలో తన పక్కన నిలబడిన ఆడపడుచును గుర్తుపట్టి, ఆ రోజు ఆవిడ కట్టుకున్న చీర సంగతి చెప్పడం మొదలుపెట్టారు. సినిమా తన పని చేసి పక్కకు తప్పుకుంది. ఇష్టమైన సినిమా ఆధారంగా చేసిన కార్డు విషయంలో నాకు కావలసిన ఫలితం అదే.

చీటీ కార్డు మరొక విధంగా పనిచేసింది. మాస్టారు మొదట కళ్లజోడు సవరించుకుని సంవత్సరాలన్నీ సరిగా ఉన్నాయో లేదో వరుసగా చూశారు, అది వారి వృత్తి అలవాటు. తరవాత, పుస్తకాలు తీసుకెళ్లి తిరిగి ఇవ్వని విద్యార్థుల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతూ, ఆ కార్డులను వారికే ముందు పంపాలని కూతురితో అన్నారు. కొన్నిటిమీద తమ సొంత ఎర్ర పెన్నుతో పుస్తకం పేరు కూడా చేర్చారు. కవర్లమీద చిరునామాలు రాసే పని ఆ సాయంత్రమే మొదలైంది. ఒక విద్యార్థి నుంచి కార్డుకు జవాబుగా పుస్తకమే తిరిగి వచ్చిందని తరవాత తెలిసింది.

లడ్డూ కార్డులకు పిల్లలవల్ల మంచి పరీక్షే జరిగింది. లాగే నాలుక చివర చిన్న అర్ధచంద్రాకారపు కోత ఉన్నవి నిలిచాయి. నున్నగా కోసినవాటిని పిల్లలు వేళ్లకు పట్టుదొరక్క గోళ్లతో లాగారు, వాటిలో కొన్నింటి అంచు చిరిగింది. ఈ నమూనా మళ్లీ చేసేవారు నాలుక చివర రెండు పొరల కాగితం అంటించడం అవసరం.

పెట్టె కార్డులో మార్పు మాత్రం తల్లిగారి నుంచే వచ్చింది. కొన్నాళ్లకు పెద్దమ్మాయి ఫోన్ చేసి, పెళ్లి ఫొటో తీసి అందులో అమెరికాలో ఉన్న మనవరాలి ఫొటో పెట్టుకోవాలని అమ్మ అడుగుతున్నారని, కుదురుతుందా అని అడిగారు. వెనక గోడకు టేపుతో అంటించిన ఫొటోను కార్డు చిరగకుండా ఊడదీయడం కుదరదు. దాని పైనే, పై అంచు తెరిచి ఉన్న ఒక పలుచటి జేబు అంటించి ఇచ్చాను. ఫొటోను పైనుంచి జేబులోకి దించవచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. జేబు లోపలి వెడల్పు ఫొటోకన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. జేబుకు వాడే కాగితం 120 జీఎస్ఎంకు మించితే మూసినప్పుడు చట్రం దానికి తగిలి కిటికీ అంచు వంగుతుంది. ఇప్పుడు ఈ నమూనా ఎవరు అడిగినా మొదటినుంచే జేబుతో చేస్తున్నాను.